మన దుకాణానికి తలుపు ఎక్కడ?

మా గూడెంలో ఆరు కుటుంబాలు కలిసి తోలు చెప్పులు కుట్టి అమ్ముతున్నాయి. కిర్రు చెప్పులు కుట్టిన తాతల మనవలు వీళ్ళు. పోయినేడాది తలా కాస్తా వేసుకుని, 18 వేలు ఖర్చు పెట్టి, ఒక వెబ్‌సైటు పెట్టుకున్నారు. నాలుగు నెలలు గడిచాయి. ఒక్క జత అమ్ముడుపోలేదు. ఒక్క ఫోను రాలేదు. "మనోళ్ళ సరుకు ఎవడు కొంటాడయ్యా" అన్నారు గూడెంలోనే కొందరు. ఊళ్ళోవాళ్ళు అదే మాటను ఇంకాస్త తియ్యగా అన్నారు.

సరుకు చెడ్డదా? ఆ చెప్పులు నేను మూడేళ్ళుగా తొడుగుతున్నాను. బడికి అవే, ధర్నాకి అవే. ఒక్కసారి అడుగు తోలు మార్పించుకున్నాను, అంతే. కొనేవాళ్ళు లేరా? ఏప్రిల్ 14న సభ దగ్గర ఒక బల్ల వేసి కూర్చుంటే ఒక్క పూటలో 30 జతలు పోయాయి. మరి తప్పెక్కడుంది? తప్పు ఆ వెబ్‌సైటులో ఉంది. అది కట్టిన తీరులో ఉంది. ఈ మాట చెప్పటానికి నాకు కంప్యూటరు చదువు అక్కర్లేకపోయింది. చెప్పులు కొనబోయే మనిషిలాగా నా ఫోనులో తెరిచి చూశాను.

ముందు ఏమీ రాలేదు. తెల్ల తెర, దాని మీద గిరగిరా తిరిగే ఒక సున్నా. అర నిమిషం పోయాక ఒక పెద్ద బొమ్మ వచ్చింది. ఎవరో తెల్లదొర, ఏ దేశపు కొట్టులోనో, చేతిలో బూటు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన తల మీద ఇంగ్లీషులో ఒక వాక్యం. తరతరాల సొగసు, వారసత్వం, ఇట్లాంటి మాటలేవో ఉన్నాయి. అది చదవటం పూర్తి కాకముందే బొమ్మ పక్కకు జరిగిపోయి ఇంకోటి వచ్చింది. ఈ మనుషులు చెప్పులు అమ్ముతున్నారా, సోఫాలు అమ్ముతున్నారా? ఏ ఊళ్ళో ఉన్నారు? జత ఎంత? ఎవరికి ఫోను చెయ్యాలి? ఏదీ లేదు. ఇంతలో ఒక డబ్బా అడ్డం వచ్చి "మీ ఈమెయిల్ ఇవ్వండి" అంది. దాన్ని మూసే గుర్తు నా వేలికి దొరకలేదు. నాకు దొరకలేదంటే మా అమ్మకు దొరుకుతుందా?

ఇది చిన్న విషయం, ఉద్యమ పత్రికలో రాయాల్సినంత విషయం కాదు అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళకు రెండు సంగతులు గుర్తు చేస్తాను. విదేశాల్లో చదివొచ్చిన బాబాసాహెబ్ బొంబాయిలో వాటాల కొనుగోలు మీద సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ పెట్టారు. సలహా చెప్పేది అంటరానివాడని తెలియగానే ఖాతాదారులు రావటం మానేశారు. మూసెయ్యాల్సి వచ్చింది. తర్వాత 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినప్పుడు, డబ్బిస్తాం, ప్రకటన వెయ్యండి అంటే తిలక్ పెట్టిన 'కేసరి' వెయ్యలేదు. అంత చదువున్న ఆయనకే కొట్టు నిలవలేదు, డబ్బిచ్చినా బోర్డు దొరకలేదు. ఇక మన ఊళ్ళ సంగతి చెప్పేదేముంది? చెప్పులు కుట్టింది మనం. బజారులో మనకు గది అద్దెకిచ్చిన వాడెవడు?

ఈ రోజు ఎవడి గదీ అక్కర్లేదు. ఎవడి పత్రికా అక్కర్లేదు. ఏడాదికి వెయ్యో రెండు వేలో పెడితే ఒక పేరు మనదవుతుంది, లోకమంతా చూసే బజారులో మన బోర్డు లేస్తుంది. తరాల తర్వాత దొరికిన దుకాణం ఇది. అలాంటి దుకాణానికి మనమే తలుపు లేకుండా గోడలు కట్టుకుంటే దాన్ని చిన్న విషయం అనగలమా?

ఇంకో సంగతి. ఆ సైటు కట్టింది పట్నపు కంపెనీ కాదు. మన పిల్లాడే. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పైసా తీసుకోలేదు, రాత్రిళ్ళు కూర్చుని కట్టాడు. 18 వేలు పేరుకీ, జాగాకీ, రెడీమేడ్ అచ్చుకీ అయినవే. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చున్నాం. ఒక్కొక్కటే తీసి అడిగాను.

"ఇంత బరువు ఎందుకైంది బాబూ?"

"ఫోటోలు మాస్టారూ. క్లారిటీ పోకూడదని ఒరిజినల్‌వే పెట్టాను."

ఇప్పటి ఫోను తీసే ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలుంటుంది. అలాంటివి ఆరు పెడితే పాతిక ఎంబీలు. వాడి ఆఫీసులో వైఫై ఉంది, కన్ను మూసి తెరిచేలోపు వస్తుంది. మా చెరువుగట్టు దగ్గర సిగ్నల్ ఒక గీత. చెప్పు ఫోటోని 200 కేబీలకు కుదిస్తే కంటికి తేడా తెలియదు. కుదించే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. కట్టేవాడు తన కంప్యూటర్లో చూసుకుని మురిసిపోతాడు. కొనేవాడు ఆరేడు వేల రూపాయల ఫోనులో, బస్సులో నిలబడి చూస్తాడు. నా మట్టుకు నాకు వెబ్‌సైట్ల తప్పుల్లో సగం ఇక్కడే పుడుతున్నాయనిపిస్తుంది. ఎవరి కంటి కోసం కడుతున్నాం అనే ప్రశ్న వేసుకోకుండా కట్టటం.

అక్షరాల సంగతీ అంతే. తెల్ల నేల మీద బూడిద రంగు సన్నక్షరాలు. "మోడర్న్‌గా ఉంటుంది" అన్నాడు. ఎండలో ఫోను పట్టుకుని చూడమన్నాను. వాడికే కనపడలేదు. అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్‌సైట్లకు అంతర్జాతీయంగా ఒక ప్రమాణమే ఉంది. మనకు ఆ లెక్క కూడా అక్కర్లేదు. బడిలో నల్లబల్ల మీద తెల్ల సుద్ద ఎందుకు వాడతామో తెలిస్తే చాలు.

తెలుగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఈ తప్పు మన సంఘాల వెబ్‌సైట్లలో కూడా చూస్తున్నాను. మన కరపత్రాలు చాలావరకు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినవే. ఆ మేటరు తెచ్చి నేరుగా వెబ్‌సైటులో పెడితే, చదివేవాడి ఫోనులో తెలుగు రాదు, పిచ్చి గీతలొస్తాయి. అందుకని మనవాడు ఏం చేశాడు? కరపత్రాన్ని బొమ్మగా మార్చి అతికించాడు. కంటికి తెలుగే. కానీ ఫోనుకు అది బొమ్మే, అక్షరం కాదు. "తోలు చెప్పులు" అని గూగుల్లో వెతికే మనిషిని ఆ బొమ్మలోని మాటలు మన దగ్గరికి తీసుకురావటం కష్టం. చూపు లేని మనిషికి ఫోను మామూలు అక్షరాలను చదివి వినిపించినట్టు దాన్ని వినిపించలేదు. వేళ్ళతో పెద్దది చేస్తే మసకబారుతుంది. యూనికోడ్‌లో కొట్టాలి. పేరు విని భయపడొద్దు, మనం రోజూ వాట్సాప్‌లో కొట్టే తెలుగు అదే. బొమ్మ పెట్టక తప్పని చోట, ఆ బొమ్మలో ఏముందో వెనక ఒక వాక్యం రాసిపెట్టే వీలు కూడా ఉంటుంది. అదీ చెయ్యాలి.

ఇంగ్లీషు వద్దని నేననను. ఇంగ్లీషు వద్దని మన పిల్లలకు చెప్పేవాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో నాకు తెలుసు. బెంగుళూరువాడు కొనాలంటే ఇంగ్లీషు ఉండాలి. కానీ ఆ ఇంగ్లీషు ఏం చెప్పాలి? "ఇవి ఆవు తోలు చెప్పులు, చేత్తో కుట్టినవి, ఇన్ని రూపాయలు" అని చెప్పాలి. వారసత్వం, సొగసు అని గాలి మాటలు చెపితే బెంగుళూరువాడికి మాత్రం ఏం తెలుస్తుంది?

ధర దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. ప్రతి చెప్పు కిందా "ధర కోసం సంప్రదించండి" అని ఉంది. ఇది వాడు పెట్టింది కాదు, పెద్దవాళ్ళే పెట్టమన్నారట. మనిషిని బట్టి చెప్పుకోవచ్చని. నాకు మా తాత గుర్తొచ్చాడు. ఏడాదంతా రైతుకి చెప్పులు, మోకులు, మోట బొక్కెనలు కుట్టి, కళ్ళంలో ఒక పక్కన నిలబడేవాడు. ఆయన కొలిచినంత మేర పట్టుకుని వచ్చేవాడు. మన చేతి పనికి ఖరీదు ఎంతో మనం చెప్పే అలవాటే మనకు లేకుండా చేశారు. ఆ అలవాటు వెబ్‌సైటులోకి కూడా నడిచొచ్చింది. కొనేవాడి వైపు నుంచి చూసినా అంతే. ధర లేకపోతే, మరీ ఎక్కువేమో అని సగంమంది అడక్కుండానే వెళ్ళిపోతారు. పెదనాయనతో ఈ మాట అంటే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తోలు ఎంత, దారం ఎంత, రెండు రోజుల కూలి ఎంత" అని వేళ్ళు మడిచి లెక్క కట్టి, జత 950 అన్నాడు. కొరియరు ఖర్చు పక్కనే రాయించాం. చివర్లో డబ్బు కట్టేటప్పుడు హఠాత్తుగా 120 కలిపితే మోసపోయానన్న కోపంతో వెళ్ళిపోతాడు మనిషి.

సైజుల గోల ఇంకోటి. 6, 7, 8 అని అంకెలు పెట్టి ఊరుకున్నారు. ఒక్కో కంపెనీ 7 ఒక్కో రకంగా ఉంటుంది. మనది చేత్తో కుట్టే పని, మనకు అంకె ఎందుకు? కాగితం మీద పాదం పెట్టి పెన్సిలుతో గీసి, మడమ నుంచి బొటనవేలి దాకా ఎన్ని సెంటీమీటర్లో చెప్పమంటే సరిపోతుంది. ఈ పని మనవాళ్ళు ఊళ్ళో తరతరాలుగా చేస్తున్నదే. అది వెబ్‌సైటుకి తగదని ఎవరన్నారు? గీసే పద్ధతికి రెండు ఫోటోలు పెట్టాం.

డబ్బు కట్టటానికి క్యూఆర్ బొమ్మ పెట్టాడు. బాగుంది. కానీ చూసే ఫోనులోనే ఆ బొమ్మ ఉంటే, అదే ఫోనుతో దాన్ని స్కాన్ చేసేదెట్లా? ఫోటో దాచుకుని, మళ్ళీ తెరిచి చేసే మార్గం ఉంది కానీ ఎంతమందికి తెలుసు? దాని కిందనే యూపీఐ ఐడీ అక్షరాల్లో రాయాలి, తాకితే కాపీ అయ్యేట్టు. ఫోను నంబరూ అంతే. బొమ్మలో కాకుండా అక్షరాల్లో ఉండాలి, వేలు పెడితే డయలు కావాలి, అన్నిటికన్నా పైన ఉండాలి.

ఇక ఫోను నంబరుకు బదులు ఏముందో చెప్తే బాధేస్తుంది. "మమ్మల్ని సంప్రదించండి" అని ఒక ఫారం. పేరు, ఈమెయిలు, విషయం, సందేశం, అన్నీ నింపితే గానీ పోదు. అది ఏ ఈమెయిలుకి పోతుందో గుంపులో ఎవరికీ తెలియదు. పిల్లాడు తెరిచినప్పుడు తియ్యటం మర్చిపోయిన ఒక ఖాతా అది. ఆ రోజు తెరిచాం. ఏడు ఉత్తరాలున్నాయి. నాలుగు పనికిరానివి. రెండు, ధర అడుగుతూ. ఒకటి విశాఖలో ఒక కొట్టు నుంచి, 40 జతలు కావాలని. దాని మీద తేదీ చూస్తే మూడు నెలల కిందటిది. లెక్కలు చూసే వదిన ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్ళింది. ఎవరూ కొనరని నాలుగు నెలలు మనల్ని మనం తిట్టుకున్నాం. అడిగినవాళ్ళున్నారు. జవాబు చెప్పే తలుపు లేదు.

నంబరు, చిరునామా పెట్టటం మన ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. ఆన్‌లైనులో అమ్మే సంస్థ తన అసలు పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో కనిపించేట్టు పెట్టాలని 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఈ మాట చెప్తే పిల్లాడు తల దించుకున్నాడు. అప్పుడు అసలు విషయం బయటికొచ్చింది.

"ఊరి పేరు పెడితే, గూడెం పేరు పెడితే తెలిసిపోద్ది మాస్టారూ. అందుకే పెట్టలేదు."

హైదరాబాదులో గది కోసం తిరిగినప్పుడు వాణ్ణి ఇంటిపేరు అడిగారు, ఏం తింటారని అడిగారు. మూడు చోట్ల ఖాళీ లేదన్నారు. ఆ మనిషి కట్టిన వెబ్‌సైటు అది. తెల్లదొర బొమ్మ ఎందుకొచ్చిందో, ఊరు పేరు ఎందుకు లేదో, చెప్పు కుట్టే చెయ్యి ఒక్కటి కూడా ఎందుకు కనపడదో నాకప్పుడు అర్థమైంది. దాన్ని డిజైను తప్పు అని ఎట్లా అంటాం? వాడి భయం అబద్ధం కాదు. బాబాసాహెబ్ సంస్థ మూతపడింది కూడా తెలియబట్టే కదా.

అయినా నేను ఒప్పుకోలేదు. ఆన్‌లైనులో పచ్చళ్ళు అమ్మేవాళ్ళను చూడండి. కులం పేరు బోర్డు మీదే ఉంటుంది, మడిగా చేశామని రాసుకుంటారు. అది వాళ్ళకు నాణ్యతకు గుర్తు. వాళ్ళ కులం సరుకు ధర పెంచాలి, మన కులం మాత్రం దాక్కోవాలి, ఇదెక్కడి న్యాయం? దీన్ని తిరగేసినవాళ్ళూ ఉన్నారు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అనే పేరుతోనే ఆన్‌లైనులో మసాలాలు, పచ్చళ్ళు అమ్మకానికి పెట్టారు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు, తిట్టుగా వాడే కులం పేరునే తీసుకుని 'చమార్ స్టూడియో' అని సంచుల బ్రాండు నిలబెట్టారు.

దాచుకుంటే ఏమవుతుందో కొల్హాపురి చెప్పులు చెబుతాయి. మహారాష్ట్ర, కర్ణాటకల్లో మన అన్నదమ్ములు కుట్టే ఆ చెప్పులకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో మిలాన్ నగరంలో ప్రాడా అనే కంపెనీ అచ్చం అట్లాంటివే వేదిక మీద నడిపించింది, ఎక్కడివో చెప్పకుండా. ఇక్కడ గోల లేచాక గానీ అవి భారతదేశపు చెప్పుల ప్రేరణతో చేసినవని ఒప్పుకోలేదు. చేతులు మనవి, అద్దాల కొట్టు వాళ్ళది. మన కొట్టులో మన చేతులు మనమే చూపించుకోకపోతే, కుట్టింది మనమని ఎవడు రాస్తాడు?

బ్రాండు పేరులోనే మాదిగ అని పెట్టాలని యువజన సంఘం కుర్రాళ్ళు పట్టుబట్టారు. ఇక్కడ నేను వాళ్ళతో కూడా పోలేదు. కులం పేరు బోర్డు మీద రాయాలా వద్దా అన్నది పొద్దున్నుంచి రంపె పట్టుకుని తోలు కోసే మనుషులు తేల్చుకోవాలి. రేపు ఆర్డరు ఆగితే పస్తు పడుకునేది వాళ్ళు, జీతం వచ్చే నేను కాదు. కానీ ఊరు, చేతులు, ధర, నంబరు, ఈ నాలుగు దాచటానికి మాత్రం వీల్లేదన్నాను. ఇవి లేనిది దుకాణమే కాదు. రాత్రి దాకా వాదించుకున్నాం. తేల్చింది పెదనాయనే.

"ఊరు పెట్టండిరా, నా పేరు కూడా పెట్టండి. చెప్పు తెగితే ఎవుర్ని అడగాలో తెలవాలి గదా."

కులం పేరు పెట్టలేదు. దానిమీద ఇంకా మాట్లాడుకుంటున్నారు. తెల్లదొరను తీసేశాం. ఆ చోట ఆరె పట్టుకున్న పెదనాయన చేతులు, పక్కనే తంగేడు చెక్కతో లంద వేసి తోలు ఊనిన పాత రోజుల గురించి ఆయన చెప్పిన నాలుగు మాటలు. జరిగే బొమ్మలు, అడ్డమొచ్చే డబ్బా పోయాయి. "మా విజన్", "మా మిషన్", "వార్తలు త్వరలో" అనే ఖాళీ పేజీలు పోయాయి. ఎప్పటిదో పాత సంక్రాంతి శుభాకాంక్షలు కూడా ఉంటే తీసేశాం. అది చూస్తే కొట్టు మూసేశారనుకుంటారు.

కట్టాక పరీక్ష పెట్టాం. అంగన్‌వాడీ ఆయాకి, ఆటో నడిపే తమ్ముడికి, తొమ్మిదో తరగతి పిల్లకి, ఇంకో ఇద్దరికి ఫోను ఇచ్చి "ఒక జత కొనండి" అని చెప్పి నోరు మూసుకు కూర్చున్నాం. సాయం చెయ్యకూడదు. ఇది కష్టం, పిల్లాడు రెండుసార్లు చెయ్యి పెట్టబోయాడు. ఐదుగురిలో ముగ్గురు ఒకేచోట ఆగారు. "కార్ట్" అనే మాట దగ్గర. దాన్ని "సంచిలో వేసుకోండి" అని మార్చాం.

తాళంచెవి సంగతి ఒకటి మిగిలింది. వెబ్‌సైటు పేరు పిల్లాడి సొంత ఈమెయిలు మీద ఉంది. వాడు మంచివాడే. కానీ ఏటా కట్టాల్సిన డబ్బుకి గుర్తుచేసే ఉత్తరం వాడికే వస్తుంది, వాడు చూడకపోతే గడువు దాటుతుంది, కొన్నాళ్ళకు ఆ పేరు ఎవడైనా కొనుక్కోవచ్చు. గుంపు పేరున కొత్త ఈమెయిలు తెరిచి దాని మీదకు మార్చాం. పాస్‌వర్డు వదిన దగ్గర, నకలు ఇంకొకరి దగ్గర. సంఘాల వెబ్‌సైట్లు నడిపే కార్యకర్తలు మీ పేరు ఎవరి ఈమెయిలు మీద ఉందో ఈ వారమే చూసుకోండి.

విశాఖ కొట్టుకి వదినే ఫోను చేసింది. ఆలస్యమైందని చెప్పింది. వాళ్ళు అప్పటికే వేరేచోట కొనేశారు. నమూనాకి రెండు జతలు పంపమన్నారు. పెదనాయన నాలుగు రోజులు కూర్చుని కుట్టాడు, లోపలి పట్టీ మీద ఊరి పేరు అచ్చు కొట్టాడు. పోయిన సోమవారం కొరియరులో వేశాం.